నేల తేమ చూసుకోవడానికి ఏది కొనాలి? గడ్డపార నుంచి సెన్సర్ దాకా

మూడేళ్ల కిందట, ఏప్రిల్ నెలలో, మా చీనీ (బత్తాయి) తోటలో ఒక వరుస చెట్లు ఆకు పసుపు తిరిగాయి. అనంతపురం ఎండ సంగతి తెలిసిందే. పాదుల్లో మన్ను కాలితో కదిపితే దుమ్ము లేస్తోంది. నీళ్లు చాలడం లేదనుకుని డ్రిప్ రోజుకు ఇంకో గంట ఎక్కువ వదిలాను. పది రోజులైనా ఆకు పచ్చబడలేదు సరికదా, కొమ్మల చివర్లు ఎండుకొచ్చాయి. పక్క తోట చిన్నాయన వచ్చి చూసి, "నీళ్ల సంగతి తర్వాత, ముందు ఆ డ్రిప్పర్ పక్కన మూరెడు లోతు తవ్వి చూడు" అన్నాడు.

తవ్వాను. పైన రెండంగుళాలు పొడి. దాని కింద మన్ను పారకు అంటుకుంటోంది. మూరెడు లోతుకు పోయేసరికి గుంతలో నీళ్లు ఊరుతున్నాయి, మురిగిన వాసన. ఒక పిల్లవేరు పట్టుకుని లాగితే పైతొక్క ఊడి నా వేళ్ల మధ్యే ఉండిపోయింది. లోపల దారప్పోగు లాంటి నార మాత్రం చేతికొచ్చింది. మా నేలలో రెండడుగుల కింద గట్టి గరుసు పొర ఉంది. ఇచ్చిన నీళ్లన్నీ దాని మీదే నిలబడి వేరు కుళ్లింది. దాహంతో ఉన్నాయనుకున్న చెట్లు నిజానికి మునిగిపోయి ఉన్నాయి. ఆ వరుసలో నాలుగు చెట్లు దక్కలేదు.

అప్పటి నుంచి తేమ చూసే సాధనాలు చేతికి అందినవన్నీ వాడాను. గడ్డపార, టెన్షియోమీటర్, జిప్సం దిమ్మ, ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు పుల్లల మీటర్, ఒక సీజన్ పాటు ఫోన్‌కు మెసేజ్ పంపే సెన్సర్. కొత్తగా తోట పెడుతున్నవాళ్లు ఫోన్ చేసి "ఏ సెన్సర్ కొనమంటావన్నా?" అంటారు. నేను తిరిగి మూడు సంగతులు అడుగుతాను. నేల ఏది? పంట ఏది? మోటారు ఆపేది మీరా, కరెంటా?

మూడో ప్రశ్నకు చాలామంది నవ్వేస్తారు కానీ అసలు విషయం అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి రోజుకు 9 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. కరెంటు ఉండే గంటలు లెక్కపెట్టుకుని బతికిన మనకు అలవాటు ఏమిటంటే, ఆటో స్టార్టర్ పెట్టేసి, కరెంటు వచ్చినంత సేపూ నీళ్లు పోనివ్వడం. 24 గంటల సరఫరా ఇచ్చేటప్పుడు భూగర్భ జలాలు అడుగంటుతాయని ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వమే రైతులను కోరింది. ఆటో స్టార్టర్ తియ్యని పొలంలో ఎంత మంచి సెన్సర్ పెట్టినా అది చెప్పేది వినేవాళ్లు ఉండరు. ముందు దాన్ని పక్కన పెట్టగలిగితేనే మిగతా ఖర్చు గురించి ఆలోచించండి.

కొలవాల్సినవి రెండు

పరికరాలన్నీ ఒకే పని చేస్తాయని అనుకుంటాం. అలా కాదు. కొన్ని నేలలో ఎంత నీరు ఉందో చెబుతాయి, శాతంలో. కొన్ని ఆ నీటిని లాక్కోవడానికి వేరు ఎంత బలం పెట్టాలో చెబుతాయి, సెంటీబార్లలో. ఈ తేడా తెలియకపోతే డబ్బు దండగ.

ఒక ఉదాహరణ చెబుతాను. బరువు లెక్కన 15 శాతం తేమ ఉన్న ఎర్ర ఇసుక నేలలో మొక్క హాయిగా ఉంటుంది. అదే 15 శాతం నల్లరేగడిలో ఉంటే మొక్క తల వాల్చేస్తుంది. నల్లరేగడిలో మట్టి రేణువులు మరీ సన్నం కాబట్టి నీటిని గట్టిగా పట్టుకుంటాయి, వేరుకు వదలవు. అందుకే శాతం చూపించే పరికరం కొంటే, మీ నేలకు ఎంత శాతం దగ్గర తడి ఇవ్వాలో వేరుగా తెలుసుకోవాలి. సెంటీబార్లు చూపించే దానికి ఆ బాధ తక్కువ. ఏ నేలలోనైనా 30 అంటే వేరు పడే కష్టం ఒకటే.

శాతం లెక్క ఇంట్లో కట్టేవాళ్లు చేసే తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. 100 గ్రాముల తడి మన్ను తీసుకుని ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెడితే 85 గ్రాములు మిగిలిందనుకుందాం. పోయిన నీరు 15 గ్రాములు. తేమ 15 శాతం అనుకుంటారు. పొడి మన్ను బరువుతో భాగించాలి కాబట్టి అది 17.6 శాతం. ప్రయోగశాలల్లో ఇప్పటికీ మిగతా పరికరాలను సరిచూసుకునేది ఈ పద్ధతితోనే. రోజూ చేసుకునే పని మాత్రం కాదు.

మీ నేల ఎన్ని రోజులు ఓర్చుకుంటుంది?

ఏ పరికరం కొనే ముందైనా ఈ లెక్క ఒకసారి వేసుకోండి. మొక్కకు అందే నీరు ఇసుక నేలల్లో మీటరు లోతుకు 25 నుంచి 100 మి.మీ., ఇసుకా బంకా కలిసిన గరప నేలల్లో 100 నుంచి 175, బంక నేలల్లో 175 నుంచి 250 మి.మీ. ఉంటుందని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క.

ఎర్ర చెలకలో టమాట వేశారనుకుందాం. వేరు 30 సెం.మీ. లోతు. మీటరుకు 100 మి.మీ. లెక్కన ఆ లోతులో 30 మి.మీ. నీరు ఉంటుంది. అందులో సగం, అంటే 15 మి.మీ. తగ్గేలోపు మళ్లీ తడి ఇవ్వాలి. ఎండాకాలంలో రోజుకు 5 మి.మీ. పోతుందనుకుంటే మూడో రోజుకల్లా నీళ్లు కావాలి. అదే నల్లరేగడిలో 60 సెం.మీ. వేరున్న పత్తికి మీటరుకు 200 మి.మీ. లెక్కన 120 మి.మీ. ఉంటుంది. సగం అంటే 60. అది పన్నెండు రోజులు వస్తుంది.

మూడు రోజుల నేలకు రోజూ చూసుకునే సాధనం కావాలి. పన్నెండు రోజుల నేలకు వారానికి రెండుసార్లు చూస్తే చాలు. కాబట్టి నల్లరేగడి రైతుకు గంట గంటకూ మెసేజ్ పంపే సెన్సర్ అమ్మజూపేవాళ్లను నేను నమ్మను. గంటలో మారనిదాన్ని గంట గంటకూ కొలిచి ఏం చేస్తాం? పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) క్షేత్రంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. అవకాశం దొరికితే వాన పడిన మూడు నాలుగు రోజులకు వెళ్లి ఆ రెండింటినీ చూడండి. నేను పైన రాసిన లెక్కంతా కళ్లకు కనిపిస్తుంది.

ఒక మి.మీ. నీరంటే ఎకరా మొత్తానికి 4,047 లీటర్లు. మీ మోటారు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందో డ్రమ్ము పెట్టి కొలుచుకుంటే, 15 మి.మీ. ఇవ్వడానికి ఎన్ని గంటలు నడపాలో తేలిపోతుంది. డ్రిప్‌లో నేలంతా తడవదు కాబట్టి ఆ లెక్క ఇంకా తగ్గుతుంది.

ఖర్చు లేనివి ముందు

పెద్దవాళ్లు అదును, పదును అని జంటగా అంటారు. పదును చూడటం అంటే మన్ను గుప్పిట్లో పట్టి పిసకడమే. పైన గోకితే లాభం లేదు. వేరు ఉన్న లోతు నుంచి తియ్యాలి. ఎర్ర గరప మన్ను గుప్పిట్లో ఉండ కట్టి, అరచేతికి తడి మరక అంటి, ఉండను రెండుసార్లు ఎగరేసి పట్టుకుంటే విరిగిపోతుంటే ఇంకా ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. ఉండ కట్టకుండానే రాలిపోతే ఆలస్యమైంది. పిసికితే వేళ్ల సందుల్లోంచి బురద వస్తే మోటారు జోలికి పోవద్దు.

నల్లరేగడిలో గుప్పిట పరీక్ష మోసం చేస్తుంది. చేతికి చెమ్మ తగులుతూనే ఉంటుంది, మొక్కకు మాత్రం అందదు. అక్కడ బొటనవేలు, చూపుడు వేలు మధ్య మన్ను నొక్కుతూ పట్టీలా సాగదియ్యాలి. రెండంగుళాల పట్టీ తెగకుండా వస్తే నీరు బాగానే ఉంది. సాగకుండా చిట్లుతుంటే తడికి సిద్ధం కావాలి.

ఇనుప చువ్వ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కానీ వర్షాధార రైతుకు దానికి మించింది లేదు. వేలి మందం ఉన్న నున్నటి చువ్వకు పైన అడ్డంగా పిడి వేయించుకోండి. వాన వెలిసిన మర్నాడు నేలలోకి నొక్కితే, తడి దిగిన మేరకు సులువుగా పోయి పొడి మన్ను తగలగానే ఆగిపోతుంది. పొలంలో పది చోట్ల గుచ్చితే వాన ఎంత లోతుకు దిగిందో పది నిమిషాల్లో తెలుస్తుంది. పత్తి వేసేవాళ్లకు శాస్త్రవేత్తలు ఏటా చెబుతుంటారు: తేలిక నేలల్లో 50–60 మి.మీ., బరువు నేలల్లో 60–75 మి.మీ. వాన పడ్డాకే విత్తమని. ఆ వాన మండలంలో పడింది సరే, మీ చేలో పడిందా? తొలకరికి తొందరపడి విత్తి, మొలక ఎండిపోయి, మళ్లీ విత్తనం కొనేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాం. ఒక చువ్వ ఆ విత్తనం డబ్బును కాపాడుతుంది. గులకరాళ్ల నేలలో మాత్రం పనికిరాదు, ప్రతి రాయీ పొడి నేలలాగే తగులుతుంది.

టెన్షియోమీటర్: నా మొదటి ఎంపిక

ఎర్రనేల, ఇసుక నేల, డ్రిప్ తోట. ఈ మూడూ కలిసిన చోట నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. కింద పింగాణీ లాంటి మట్టి కప్పు, పైన నీళ్లు నింపిన గొట్టం, దానికి గడియారం లాంటి గేజ్. నేల ఆరుతుంటే కప్పులోంచి నీటిని పీలుస్తుంది, లోపల ఏర్పడిన లాగుడు గేజ్ మీద కనిపిస్తుంది. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు, రీచార్జ్ లేదు. ధర వేలల్లో ఉంటుంది కానీ పదివేలల్లోకి పోదు.

అంకెలు ఇలా చదవాలి. 0 నుంచి 10 మధ్య ఉంటే నేల నిండుగా ఉంది. తడి ఇచ్చిన రోజు అలా ఉండటం మామూలే, రెండు రోజుల తర్వాత కూడా అక్కడే ఉంటే వేరుకు గాలి ఆడటం లేదని అర్థం. 10 నుంచి 30 మంచి స్థితి. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలలో డ్రిప్ కూరగాయలకు 20–30 మధ్య, పండ్ల చెట్లకు 30–50 మధ్య తడి మొదలు పెడతాను. ఇవి ప్రారంభానికి పట్టుకునే అంకెలు. చెట్టు మొహం చూసి ఐదో పదో అటూ ఇటూ జరుపుకోవాలి.

ఒకటి కొనకండి, రెండు కొనండి. చీనీకి ఒకటి 30 సెం.మీ. లోతులో, ఇంకొకటి 60 సెం.మీ. లోతులో, రెండూ ఒకే చెట్టు దగ్గర. పైది ఎప్పుడు నీళ్లు ఇవ్వాలో చెబుతుంది. కిందిది ఎంతసేపు ఇవ్వాలో చెబుతుంది. తడి ఇచ్చాక కింది గేజ్ ప్రతిసారీ సున్నా వైపు పడిపోతుంటే, నీళ్లూ ఎరువులూ వేరును దాటి కిందికి పోతున్నాయని లెక్క. పైది దిగినా కిందిది రోజు రోజుకూ పెరుగుతూ పోతే తడి పై పొరకే సరిపోతోంది. నా దగ్గర ఆ ఏప్రిల్‌లో 60 సెం.మీ. గేజ్ ఒక్కటి ఉండి ఉంటే సున్నా దగ్గర కదలకుండా నిలబడి ఉండేది. నేను ఆ ఎక్కువ గంట వదిలేవాణ్ని కాదు.

పాతేటప్పుడు చేసే తప్పులే దీనికి చెడ్డపేరు తెచ్చాయి. కప్పును ముందు రోజంతా నీళ్లలో నానబెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్లు నింపాలి, లేకపోతే బుడగలు పుడతాయి. గొట్టం మందానికి సరిపడా బెజ్జం చేసి, అడుగున అదే మన్ను మజ్జిగలా కలిపి పోసి, అందులో కప్పు కూర్చోబెట్టాలి. కప్పుకూ మన్నుకూ మధ్య గాలి ఉంటే గేజ్ ఏ అంకె చూపించినా అది అబద్ధమే. పైన మన్ను కొంచెం గట్టిగా తొక్కి చిన్న దిబ్బలా చెయ్యాలి, వాన నీళ్లు గొట్టం వెంట దిగకుండా. డ్రిప్పర్‌కు సరిగ్గా కింద పెడితే ఎప్పుడూ తడే చూపిస్తుంది, తడి అంచున పెడితే ఎప్పుడూ పొడే. జానెడు నుంచి అడుగు దూరంలో పెట్టండి. తర్వాత కలుపు తీసేవాళ్లకు కనిపించేలా పక్కన ఒక కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టండి. నా మొదటిది గుంటక తగిలి విరిగింది.

దీనికి ఒక హద్దు ఉంది. 80–85 సెంటీబార్లు దాటితే కప్పులోంచి గాలి చొరబడి నీటి స్తంభం తెగిపోతుంది, గేజ్ సున్నాకు వచ్చేస్తుంది. తెలియనివాళ్లు అది చూసి నేల తడిగా ఉందనుకుంటారు. చీనీ వాళ్లకు ఇది ముఖ్యం. పూతకు ముందు నీళ్లు ఆపి చెట్లను బెట్టకు వదులుతాం కదా, ఆ రోజుల్లో నేల ఈ హద్దు దాటిపోతుంది. అప్పుడు దాన్ని తీసి కడిగి నీడన పెట్టుకుని, మొదటి తడి ఇచ్చేటప్పుడు మళ్లీ పాతుకోవాలి.

నల్లరేగడికి జిప్సం దిమ్మలు

బంకనేలలో మొక్కకు అందే నీటిలో పెద్ద భాగం 80 సెంటీబార్ల అవతలే ఉంటుంది. టెన్షియోమీటర్ చేతులెత్తేసే చోట ఆ నేల సగం దారిలో ఉంటుంది. అందుకని గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో మిరప, పత్తి వేసేవాళ్లకు జిప్సం దిమ్మగానీ, దాని తర్వాతి తరం గ్రాన్యులర్ సెన్సర్‌గానీ మేలు. లోపల రెండు తీగలు, చుట్టూ జిప్సం. దిమ్మ తడిస్తే కరెంటు సులువుగా పారుతుంది, ఆరితే కష్టంగా పారుతుంది. ఆ తేడాను చేతిలో పట్టే మీటరు చదువుతుంది. గ్రాన్యులర్ రకం 200 సెంటీబార్ల దాకా చెబుతుంది. దిమ్మలు చవక, మీటర్ ఒక్కటి కొంటే పొలంలో పది దిమ్మలకు సరిపోతుంది. కాకపోతే జిప్సం నీళ్లలో కరిగిపోయేదే. తడి ఎక్కువుండే నేలలో ఒకటి రెండేళ్లకు, ఆరే నేలలో మూడేళ్లకు మార్చుకోవాలి. బాగా తడిగా ఉన్నప్పుడు తేడాలు పట్టుకోలేవు కాబట్టి ఇసుక నేలలో కూరగాయలకు వద్దు.

నల్లరేగడిలో ఇంకో చిక్కు పగుళ్లు. పెట్టినప్పుడు బాగానే ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి సెన్సర్ పక్క నుంచే చెయ్యి పట్టేంత పగులు. గాలి తగిలిన సెన్సర్ ఎండిపోయిందని చెబుతుంది. వాన పడితే నీళ్లు ఆ పగులు వెంట నేరుగా దాని మీదికే దిగి, పొలమంతా తడిసిందని చెబుతుంది. ప్రతి నెలా ఒకసారి చుట్టూ మన్ను కప్పి సరిచేసుకోక తప్పదు.

రంగు దీపాలు, చవక పుల్లలు

అంకెలు చదవడం ఇష్టం లేనివాళ్లకు కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ ఒక చిన్న పరికరం తయారు చేసింది. రెండు కడ్డీలు నేలలో గుచ్చి మీట నొక్కితే దీపం వెలుగుతుంది. నీలం అంటే పుష్కలంగా ఉంది, ఆకుపచ్చ అంటే ఇప్పుడే అక్కర్లేదు, నారింజ అంటే నీళ్లు పెట్టండి, ఎరుపు అంటే వెంటనే పెట్టండి. చెరకు కోసం చేసినా మిగతా పంటల్లోనూ వాడుతున్నారు. పాతి ఉంచేది కాదు కాబట్టి ఒక్కదానితో నాలుగు మళ్లు తిరగొచ్చు. కూలీకి పని అప్పగించి వెళ్లే పెద్ద రైతుకు, చదువు రాని ఇంట్లోవాళ్లకు ఇది చాలా ఉపయోగం.

ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే రెండు పుల్లల మీటర్లను దీనితో కలపకండి. ఒకటి తెప్పించి ఇంట్లో పరీక్ష చేశాను. ఆర్.ఓ. నీళ్ల గ్లాసులో ముంచితే సూది పెద్దగా కదల్లేదు, నిండా నీళ్లున్నా పొడి అంది. చిటికెడు ఉప్పు వేసి కలిపాను. సూది ఎగిరి తడి చివరకు పోయింది. అంటే అది నీటికంటే ఉప్పుకు ఎక్కువ స్పందిస్తోంది. చౌడు నేలలో, ఎరువు నీళ్లతో పాటు ఇచ్చే డ్రిప్ తోటలో దాని మాట నమ్మితే చెట్లు ఎండబెట్టుకుంటారు. మిద్దెతోటలో కుండీలకు కూడా అక్కర్లేదు. కుండీ కొంచెం ఎత్తి చూస్తే బరువే చెబుతుంది.

ఫోన్‌కు మెసేజ్ పంపేవి

వీటిలో ఎక్కువ భాగం విద్యుత్ ధర్మాన్ని బట్టి నీటిని పసిగట్టే కెపాసిటివ్ సెన్సర్లు. ఆరిన మట్టికి ఆ ధర్మం (డైఎలక్ట్రిక్ స్థిరాంకం) విలువ 3 నుంచి 5 మధ్య, నీటికి 80 దగ్గర. అందుకే కొద్దిపాటి నీరు కలిసినా గుర్తుపడతాయి. మంచివి నిజంగా మంచివే. ఒకే కడ్డీలో నాలుగైదు లోతుల దగ్గర చూపించేవి ఉన్నాయి. తడి ఇచ్చిన రాత్రి నీరు ఒక్కో మెట్టు దిగడం ఫోన్‌లో గీతలుగా చూస్తే ఇన్నేళ్ల వ్యవసాయంలో తెలియని సంగతి తెలుస్తుంది. నాకు తెలిసింది: మూడు గంటల తడిలో చివరి గంట నీరంతా వేరు కిందికే పోతోందని.

కానీ కొనే ముందు అమ్మేవాళ్లను నాలుగు అడగండి. నా నేలకు తగ్గట్టు సరిచేసి (కాలిబ్రేట్ చేసి) ఇస్తారా, లేక డబ్బాలోంచి తీసి పాతి వెళ్తారా? ఏటా చందా ఎంత, కట్టకపోతే నా పాత రీడింగులు నాకు కనిపిస్తాయా? చెడిపోతే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడు? మా తోటలో సిగ్నల్ లేని మూలన పనిచేస్తుందా? నేను వాడినది ఒక జూన్‌లో ఉరుముల వానకు ఆగిపోతే మనిషి రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ గడ్డపారతోనే గడిచాయి. చందా, పరికరం కలిపి పదుల వేలల్లో లెక్క. ఐదెకరాలకు మించి దానిమ్మ, ద్రాక్ష, బత్తాయి లాంటి విలువైన తోట ఉండి, యజమాని ఊళ్లో ఉండనివాళ్లకు ఇది గిట్టుబాటే. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ ఊళ్లో తోట పెట్టినవాళ్లకు అయితే ఇది పెట్టమనే చెబుతాను. ఎకరా, రెండెకరాల వాళ్లకు వద్దు.

ఉపగ్రహాల మాటా వినే ఉంటారు. నాసా 2015లో పంపిన స్మాప్ నేల తేమ కోసమే పనిచేస్తోంది. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే ఎగిరిన నైసార్ అంతకన్నా చాలా దగ్గరగా, 200 మీటర్ల గడులుగా చూడగలిగేలా తయారైంది. ఊరికీ మండలానికీ కరువు అంచనా వెయ్యడానికి ఇవి గొప్పవి. అవి చూసేది పైన 5 సెం.మీ. మన్నునే. మా పాదుల్లో దుమ్ము లేచిన పొర అదే. మీ మోటారు నిర్ణయం దాని మీద పెట్టకండి.

వరికి వేరే దారి

వరి రైతు సెన్సర్ కొనక్కర్లేదు. 30 సెం.మీ. పొడవు, 10–15 సెం.మీ. వెడల్పున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ చిల్లులు వేసి, ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మన్ను తీసేస్తే చాలు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి ఇది. మడిలో నీళ్లు ఇంకిపోయాక పైపులోకి తొంగి చూస్తే అడుగున నీటి మట్టం కనిపిస్తుంది. అది నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెం.మీ. నీళ్లు పెట్టండి. నాటిన ఒకటి రెండు వారాల తర్వాత మొదలుపెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకూడదు. నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయని ఆ సంస్థ చెబుతుంది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి కోసమే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలున్న టెన్షియోమీటర్ తెచ్చింది, నీటి మట్టం పసుపులోకి రాగానే తడి ఇవ్వాలి. అదీ మంచిదే. బోరు కింద వరి వేసేవాళ్లు ముందు పైపు ముక్కతో మొదలుపెట్టండి, అలవాటయ్యాక రెండోది చూడొచ్చు. కాలువ కింద, వంతుల వారీగా నీళ్లొచ్చే చోట మీరు ఆపాలనుకున్నప్పుడు ఆపడం, కావాలనుకున్నప్పుడు తెచ్చుకోవడం కుదరదు. అక్కడ ఈ పద్ధతి ఊరంతా కలిస్తేనే సాధ్యం.

నన్నడిగితే

వర్షాధారంగా వేరుశనగ, కంది, పత్తి: చువ్వ, గుప్పిట. ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు. మిగిలిన డబ్బు వేరుశనగ ఊడలు దిగే వేళ ఒక తడి ఇవ్వగలిగే ఫారం పాండ్ (పొలంలో తవ్వే నీటి కుంట) మీద పెడితే నయం.

ఎర్రనేలలో డ్రిప్ ఉన్న చిన్న తోట, కూరగాయలు: రెండు టెన్షియోమీటర్లు. తోటలో నేల రెండు రకాలుగా ఉంటే నాలుగు. నల్లరేగడి మిరప, పత్తి: నాలుగు దిమ్మలు, ఒక మీటర్. చెరకు అయితే కోయంబత్తూరు దీపాల పరికరం. పెద్ద తోట, ఊళ్లో లేని యజమాని: చందా కట్టే సెన్సర్, దాన్ని సరిచూడటానికి పక్కనే ఒక టెన్షియోమీటర్. రెండూ ఒక మాట చెప్పకపోతే తవ్వి చూడమని తోటమనిషికి చెప్పండి.

ఏది కొన్నా మొదటి నెల దాని మాట విని మోటారు నడపొద్దు. రోజూ పొద్దున ఒకే వేళకు అంకె రాసుకుంటూ, పక్కన తవ్విన మన్ను గుప్పిట్లో ఎలా ఉందో కూడా రాయండి. నెల తిరిగేసరికి మీ చేలో ఏ అంకెకు మన్ను ఎలా ఉంటుందో మీకే పట్టుబడుతుంది. నేను స్టార్టర్ డబ్బా లోపలే ఒక నోటుబుక్ దారంతో కట్టి పెట్టాను. మోటారు వెయ్యబోయేవాళ్లు ఎవరైనా ముందు అందులో రాయాలి. మా నాయన మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు నాకంటే ముందే లేచి రాసేస్తున్నారు.

ఈరోజు ఆయన రాసింది: 30 సెం.మీ. దగ్గర 34, 60 సెం.మీ. దగ్గర 18. కింద ఒక గీత గీసి, "రేపు చూద్దాం" అని పెట్టారు.